కారు మనది, విద్య పరులది

మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము బాన్సువాడ సీమకు ధాన్యలక్ష్మిని తెచ్చిపెట్టినది. ఆ దినములలో మోటారనగా దొరల వైభవము, సర్కారువారి ఆర్భాటము. సామాన్యునకు అది దుమ్ము లేపి పోవు వింతబండి మాత్రమే. నిజాము రాజ్యమున రైల్వేశాఖవారు 1932లో ప్రజల రాకపోకలకై రోడ్డు రవాణాను మొదలుపెట్టినప్పుడు వారివద్ద నున్న బస్సులు 27, పనివారు 166 మంది. ఆ ఆనకట్ట నీడలోనే యున్న మహమ్మద్ నగర్ లో నేడు రైతు వాకిట కారు నిలిచియుండుట వింత గాదు. అందు కొన్ని క్రొత్తవి, పెక్కు పట్టణమున ఒకరు వాడి విడిచినవి.

ఈ మార్పునకు మేము సంతసించుచున్నాము. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చిన ఆడుబిడ్డను ఆస్పత్రికి చేర్చుటకు, ముసలితల్లిని కంటివైద్యునికి చూపించుటకు, వేళకు రాని బస్సుకై ఎండలో నిలువక పనులు చక్కబెట్టుకొనుటకు కారు పనికివచ్చును. సౌఖ్యము పట్టణవాసుల సొత్తని వ్రాసిపెట్టిన శాసన మెచ్చటను లేదు. ఐనను ఈ సంతోషము వెంట ఒక కలత మమ్ము వదలుట లేదు.

ఎద్దులజతను సాకిన రైతునకు వాని సంగతి యంతయు తెలిసియుండెను. గిట్టలకు నాడా లెప్పుడు కొట్టింపవలెనో, ఏ యెద్దు మేత మానినదో, ఇరుసునకు కందెన ఎన్నడు పెట్టవలెనో ఆతడు ఒరుల నడిగెడివాడు కాడు. ఆ రైతు కుమారుడే నేడు లక్షలు పోసి కారు కొనియు, దాని బోనెట్టు తెఱచు మీట ఎచ్చట నున్నదో యెఱుగకున్నాడు. బండి ఆగిన ఆగినదని, కదలిన కదలినదని మాత్రమే ఆతడు చెప్పగలడు. కారు మన దైనది. దానిని గూర్చిన విద్య ఇంకను పరులచేతిలోనే యున్నది. ఈ తెలియమికి మనము నెలనెల సుంకము కట్టుచున్నాము. ఏ సర్కారును విధింపని ఈ సుంకమును మనకు మనమే విధించుకొన్నాము.

మొదట వ్యయపు లెక్క చూతము. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి దిగి, దానిపై నున్న అదనపు సుంకము తొలగినందున కొనుగోలు కొంత సులభ మైనది. కొనుట సులభ మైనంతమాత్రమున నడపుట సులభము కాలేదు. పెట్రోలు జి.ఎస్.టి.లో చేరలేదు; తెలంగాణమున దానిపై అమ్మకపుపన్ను బరువుగానే యున్నది. ఒకరు 5 లక్షల రూపాయలు నూటికి 10 వడ్డీకి అప్పుచేసి ఐదేండ్లలో తీర్చ నొప్పుకొనిరనుకొందము. నెలకు కట్టవలసిన వాయిదా సుమారు 10,620 రూపాయలు. ఐదేండ్లకు వడ్డీయే 1 లక్ష 37 వేలు దాటును. నెలకు వేయి కిలోమీటర్లు తిరుగు బండి లీటరునకు 15 కిలోమీటర్లు వచ్చినచో, లీటరు 105 రూపాయల లెక్కను పెట్రోలునకు 7,000 అగును. భీమా, టైర్లు, బ్యాటరీ, ఆయిలు మార్పు మొదలగువానికై నెలకు 2,000 తీసియుంచవలెను. వెరసి 19,620. అనగా కిలోమీటరునకు ఇరువది రూపాయలకు దగ్గర. బంకువద్ద చెల్లించు సొమ్మొక్కటే మన కండ్లకు కనబడును. అది అసలు ఖర్చులో మూడవవంతునకు కొంచె మెక్కువ మాత్రమే.

ఇదే మనుష్యుడు నెలకు 200 కిలోమీటర్లే తిరుగువాడైనచో వాయిదా తగ్గదు, భీమా తగ్గదు. పెట్రోలు మాత్రమే 1,400కు దిగును. ఇతర వ్యయములను 1,500గ లెక్కించినను కిలోమీటరు ఖర్చు 67 రూపాయలు దాటును. ఇట్టివారు అవసరమైనప్పుడు కిరాయిబండిని పిలుచుకొనుటయే వివేకము. ఎదురింటివారికి కారున్నది గనుక మనకును ఉండవలెనను పంతము అప్పుచేసి పప్పుకూడు తినుటవంటిది. పైగా వస్తువు కూడ నిలిచియుండదు. భీమా కంపెనీల పట్టిక ప్రకారము కారు విలువ మొదటి యేడాది ముగియునప్పటికి నూటికి 15, ఐదవ యేడు ముగియునప్పటికి 50 వంతులు తఱుగును. కుదువబెట్టిన భూమి విడిపించుకొన్న మిగులును. కారు అట్టిది గాదు.

రైతునకు మఱియొక చిక్కు కలదు. బ్యాంకు వాయిదా నెలనెల వచ్చును; వడ్లసొమ్ము వానకాలపు పంటకు ఒకసారి, యాసంగికి ఒకసారి మాత్రమే వచ్చును. పంట అమ్మినదినముననే రాబోవు ఆరునెలల వాయిదాలను, భీమా సొమ్మును వేఱుగ తీసి ముట్టక యుంచువాడు కారును నిలుపుకొనగలడు. అట్లు చేయనివాడు మధ్యకాలమున చేబదులు తెచ్చి, వడ్డీకి వడ్డీ కట్టి, తుదకు ఎవరికో అగ్గువకు అమ్ముకొనును.

ఇక పోషణ. ఇందు పాండిత్యము అవసరము లేదు. వారమునకు పది నిమిషముల శ్రద్ధ చాలును. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి కొన్ని నిమిషములైన పిదప ఆయిలు కొలతకడ్డీని తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. తడి రెండు గుర్తుల నడుమ నుండవలెను. తక్కువైన లోహము లోహమును ఒరసి అరిగిపోవును. గుర్తు దాటి పోసినను చేటే. ఆయిలు మార్పునకు ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్ని నెలలు, ఏది ముందైన అది, యని కంపెనీవారు విధించిన గడువు కలదు. ‘‘మా బండి ఏడాదిలో మూడువేలే తిరిగినది, ఇప్పుడేల?’’ అనువారు ఆ రెండవ మాటను మఱచుచున్నారు. నిలిచియున్నను ఆయిలు చెడును. ఇంటినుండి బజారువఱకు మాత్రమే తిరిగి ఎన్నడును చక్కగ వేడెక్కని ఇంజనులో మఱింత త్వరగా చెడును.

టైర్లలో గాలిని బండి చల్లగ నున్నప్పుడు చూపింపవలెను. ఎంత యుండవలెనో డ్రైవరు తలుపు ప్రక్కన చీటీపై అచ్చువేసి యుండును. పంక్చరు దుకాణము కుఱ్ఱవాని అలవాటు కొలత గాదు. గాలి తగ్గిన టైరు నేలను అంటుకొని పెట్రోలును త్రాగును. అంతకన్న ఘోర మేమనగా, మే మాసపు ఎండలో కాగిన తారురోడ్డుపై వేగముగ పోవునప్పుడు దాని ప్రక్కలు వంగి వంగి వేడెక్కి పగులును. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని కేంద్ర మోటారు వాహన నియమములు శాసించుచున్నవి. ఆ హద్దును తెలుపు చిన్న మిట్టలు గాడులలోనే పోసియుండును. రబ్బరు అరిగి మిట్టకు సమమైనచో ఆ టైరు పని ముగిసినది. బోడిటైరు వానలో నీటిని చీల్చలేదు, నీటిపై తేలిపోవును. టైరు ధర చూచి వెనుదీయువారు ఆ బండిలో కూర్చున్న బిడ్డలవంక ఒక్కసారి చూడవలెనని మా విన్నపము. స్టెప్నీకి కూడ గాలి చూపింపవలెను. అక్కఱ వచ్చిననాడు అదియు చదునై కనబడుట మన దారులపై నిత్యము జరుగుచున్నదే.

మన సీమకు ప్రత్యేకమైన శత్రువులు రెండు గలవు. ఒకటి కోతకాలపు దుమ్ము. వరికోత యంత్రములు నడచు దినములలో గాలిలో తేలు పొట్టు, ధూళి ఇంజను గాలిజల్లెడను మూసివేయును. ఏడాది కొకమారని వ్రాసియున్నను మనవారు ప్రతి కోత ముగియగానే దానిని తీయించి చూచుట మంచిది. రెండవది ఎలుక. వడ్లబస్తాలు వేసిన కొట్టములోనే కారును నిలుపుట మన వాడుక. వడ్లకై వచ్చిన యెలుక బోనెట్టు క్రింది వెచ్చదనము మరగి తీగెలను కొఱుకును. ఒక్క తీగె తెగినను నేటి కారు కదలదు. ఆ తీగెను వెదకుటకే పూటలు గడచును. ధాన్యమునకు దూరముగ నిలుపుట, వారమున కొకసారియైన బోనెట్టు తెఱచి చూచుట, బండిని పక్షము దినములు కదలింపక వదలకుండుట దీనికి మందు. కాగిన రేడియేటరు మూత తెఱవరాదనియు, అందు కాలువనీరు పోయక తగిన ద్రవమునే పోయవలెననియు, బ్యాటరీ కొసలపై తెల్లని బూజు కట్టనీయరాదనియు, బ్రేకు లోతునకు దిగినను కీచుమన్నను ఆ దినమే చూపింపవలెననియు వేఱుగ విస్తరింప నక్కఱలేదు.

ఇంధనమును గూర్చి యొక మాట. పెట్రోలులో నూటికి 20 వంతులు ఇథనాలు కలుపు పద్ధతి 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. చెఱకును, ధాన్యమును పండించు రైతునకు ఇందు లాభమున్నదని పాలకులు చెప్పుచున్నారు. బోధను చక్కెర కార్ఖానా 2015లో మూతపడిన దుఃఖము మఱువని మనవారు ఆ మాటను ఆశతో విందురు. కాని ఇథనాలులో పెట్రోలుకన్న శక్తి తక్కువ గనుక మైలేజి కొంత తగ్గును. 2023 ఏప్రిలునకు పూర్వపు బండ్లు పెక్కు ఈ మిశ్రమమునకై నిర్మింపబడినవి కావు. పాతబండి కొన్నవారు రబ్బరు గొట్టములను ఏడాదికి రెండుమార్లు చూపించుకొనవలెను. పెట్రోలు వాసన సోకిన ఉపేక్షింపరాదు.

వానకాలమున నొక నియమము ప్రాణసమానము. 2025 ఆగస్టు చివరను కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన అతివృష్టిని ఎవరును మఱచి యుండరు. పొంగు కల్వర్టుపైకి బండిని దింపరాదు. చక్రములు మునిగిన బండి తేలి కొట్టుకొనిపోవుటకు ఎక్కువ ప్రవాహ మక్కఱలేదు. నిలిపియున్న బండి మునిగినచో, నీరు తీసిన పిదప ‘‘కదలునేమో చూతము’’ అని తాళము త్రిప్పరాదు. గాలి అణగును గాని నీరు అణగదు. ఇంజను గదిలో నీరుండగా త్రిప్పిన లోపలి కడ్డీలు వంగి విఱుగును. వేలతో పోవునది లక్షల కెక్కును. అట్టి నష్టమును సామాన్యపు పాలసీలక్రింద భీమావారు తఱచు త్రోసిపుత్తురు. బ్యాటరీ తీగె విప్పి, ఛాయాచిత్రములు తీసి, భీమా కంపెనీకి తెలిపి, బండిని లాగించుకొని పోవుటయే మార్గము. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

ఇక మరమ్మతు షెడ్డు. మెకానిక్కులందఱు మోసగాండ్రను మాట పామరవాక్యము. మోసము కొంత కలదు. మన తెలియమి దానికి ఎరువు. ‘‘ఏదో చప్పుడు వచ్చుచున్నది, చూచి చేయుము’’ అని తాళపుచెవి పారవైచి పోవువాడు తెల్లకాగితముపై వ్రాలు చేసినవాడే. ఏ వేగమున, చల్లగ నున్నప్పుడో వేడెక్కిన పిదపనో, ఏ ప్రక్కనుండి ఆ చప్పుడు వచ్చుచున్నదో చెప్పవలెను. పనికి ముందు అంచనా వ్రాయించుకొనవలెను. అదనపు పని ఏదైన తన్నడుగక చేయరాదని చెప్పవలెను. మార్చిన పాతభాగమును తిరిగి అడిగి చూడవలెను. క్రొత్తదాని పెట్టెను, దానిపై ధరను చూడవలెను. బిల్లు తప్పక తీసికొనవలెను. బిల్లు ఇయ్యకుండుట 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము అక్రమ వ్యాపారపద్ధతి. ఒక రెండణాల పుస్తకములో తేది, కిలోమీటర్లు, చేయించిన పని, ఇచ్చిన సొమ్ము వ్రాసియుంచిన ఇంటివాడు ఏడాది తిరుగునప్పటికి సగము మెకానిక్కు అగును.

మెకానిక్కు పక్షమునను ఒక న్యాయము గలదు. అది చెప్పకున్న మా వ్రాత ఒంటికాలిపై నిలుచును. మన షెడ్డు మేస్త్రీ విడిభాగమును పట్టణమునుండి రొక్కమునకు తెచ్చి మన బండికి బిగించును. మనమో, ‘‘వడ్లు అమ్మిన పిదప ఇత్తు’’ మని పోవుదుము. మజూరీ దగ్గర పది రూపాయలకు గంటసేపు బేరమాడుదుము. కడుపు నిండని పనివాడు ఆ లోటును విడిభాగపు ధరలో పూడ్చుకొనును. అప్పుడు మోసమని గగ్గోలు పెట్టుదుము. పనికి తగిన కూలి వెంటనే ఇచ్చుట ధర్మమే గాక లాభము కూడ. షెడ్డువారును రెండు విషయములు తలపోయవలెను. పదునాలుగేండ్లు నిండని పసివానిచేత పానాలు మోయించుట నేరము. వాని చోటు బడి. తీసిన నల్లఆయిలును నేలపై పాఱబోయుట మఱియొక అపచారము. ఆ నేలలోని నీరే మన కాలువకు, మన బావికి చేరును.

ఇంతవఱకు చెప్పినది ఇంటిదోషము. బయటిదోష మొకటి గలదు. అది ఇంతకన్న పెద్దది. కంపెనీలు తమ విడిభాగములను, లోపము కనిపెట్టు పరికరములను, సాంకేతిక గ్రంథములను స్వతంత్రులైన మెకానిక్కులకు చిక్కనీయక, యజమానుల నందఱిని తమ అధికార కార్ఖానాలకే తోలుకొనుచున్న వను ఫిర్యాదుపై భారత పోటీ కమిషను విచారించి, 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జుల్మానా విధించినది. జుల్మానాపై అప్పీళ్లు, వ్యాజ్యములు నడచినవి. కాని కమిషను కనిపెట్టిన సత్యము సామాన్యునకు చిరకాలముగ అనుభవమే. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖవారు ‘మరమ్మతు హక్కు’ను గూర్చి యొక సంఘమును నియమించి, ఆ డిసెంబరులో ఒక ప్రత్యేక సమాచారద్వారమును తెఱచిరి. తలుపు తెఱచిన చాలదు. లోపల వస్తువు లుండవలెను. చిన్న మీట చెడినను మైళ్లదూరమున నున్న పట్టణ కార్ఖానాకే పోవలసినచో, మహమ్మద్ నగర్ యజమానికి ఒక పనిదినము, పెట్రోలు, భోజనము అన్నియు నష్టమే. అంతకు మించిన నష్టము, మన యూరి షెడ్డు మూతపడుట. ఆ షెడ్డుతో పాటు మన ట్రాక్టరును, మోటారుసైకిలును బాగుచేయు చేతులు కూడ పోవును. నేసినవాని మగ్గమును పోగొట్టుకొన్న దేశమునకు ఈ పాఠము క్రొత్త గాదు.

ఇందులకు మేము సూచించునవి మూడు. మొదటిది భాష. ప్రతి కారులోను యజమానికై ఒక పుస్తక ముంచుదురు. మే మింతవఱకు చెప్పిన సంగతులలో పెక్కు అందే యుండును. అది సాధారణముగ ఆంగ్లమున నుండును. మనవారు దానిని పెట్టెలోనే ముట్టక యుంతురు. తెలుగునాట లక్షల బండ్లు అమ్ముకొను కంపెనీ తెలుగులో పుస్తకము అచ్చువేయజాలదా? కొనువారు అడుగరు గనుక అమ్మువారు ఇయ్యరు. ఇకపై బండి తీసికొను ప్రతివాడు ‘‘తెలుగు పుస్తకమేది?’’ అని అడుగవలెను. రెండవది పఠనమందిరము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నిలిపి, 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి, శాస్త్రవిషయములను తెలుగువారి కందింప నడుముకట్టిన పెద్దల నేల యిది. ఆ వరుసలో మోటారు విద్యయు చేరవలెను. ప్రతి గ్రంథాలయమున నెలకొక సాయంకాలము ఊరి మేస్త్రీని కూర్చుండబెట్టి, ఒక బండి బోనెట్టు తెఱపించి, అడిగినవారికెల్ల చెప్పించిన ఖర్చేమి? మేస్త్రీకి గౌరవము, యజమానికి విద్య, ఇరువురి నడుమ నమ్మకము కలుగును.

మూడవది ప్రభుత్వపు విధి. 65 ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రములుగ మార్చు పనిని రాష్ట్రప్రభుత్వము 2024లో తలపెట్టినది. మంచిదే. కాని షెడ్డులో ఇరువదియేండ్లుగ పనిచేయుచు, నేటి కార్లలోని ఎలక్ట్రానిక్ పరికరముల యెదుట చేతులు కట్టుకొని నిలిచిన మేస్త్రీ రెండేండ్లు బడికి పోజాలడు. అట్టివారికై సాయంకాలపు తరగతులను మండలకేంద్రములందు పెట్టి, పరీక్షించి, యోగ్యతాపత్ర మీయవలెను. విడిభాగములు, పరికరములు, సమాచారము అర్హుడైన ప్రతి మెకానిక్కునకు న్యాయమైన ధరకు దొరకునట్లు స్పష్టమైన శాసనము చేయవలెను.

ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయరాదు. కారు కొనగలిగిన జాతి దానిని కాపాడుకొను విద్యను కూడ సంపాదింపవలెను. వచ్చు ఆదివారము ఉదయము, ఎండ యెక్కకమునుపు, ప్రతి యజమాని తన బండి బోనెట్టును తానే తెఱచి, కొలతకడ్డీని తానే తీసి చూచుగాక. చేతికి మసి యంటును. ఆ మసి కడిగిన పోవును. తెలియమి యట్లు పోదు.